చప్పుడు పోవాలని ప్రార్థించిన దినాలు

ప్రభువునందు నాకు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, మన సంఘ పత్రికకు సాక్ష్యం రాసిమ్మని పాస్టరు అయ్యగారు నన్ను అడిగి చాలా కాలమైంది, నేనే ఈ నెల కాదు వచ్చే నెల అంటూ తప్పించుకుంటూ వచ్చాను, ఎందుకంటే సాక్ష్యమంటే రోగంతో మొదలై స్వస్థతతో ముగియాలని మీరంతా ఎదురుచూస్తారు, నాది అట్లా ముగియలేదు. నేను స్వస్థపడిన మనిషిని కాను. అయినా దేవుడు నన్ను ఒకదాని నుంచి విడిపించాడు, అదేమిటో చెప్పకుండా చచ్చిపోతే ఆయన ముందు ఏ మొహం పెట్టుకొని నిలబడతాను!

నా పేరు కరుణమ్మ. పుట్టింది నంద్యాలలో, మెట్టింది ఆళ్ళగడ్డలో. చిన్నతనంలో కీళ్ళు వాచి జ్వరం వచ్చేది, మోకాలు తగ్గితే మణికట్టు, మణికట్టు తగ్గితే చీలమండ, మా నాయన ఎత్తుకొని ఆసుపత్రికి తిప్పేవాడు, అది తగ్గిపోయిందనే అందరమూ అనుకున్నాం. తగ్గలేదు, కీళ్ళను వదిలి లోపల గుండెను పట్టుకుంది. అది బయటపడేటప్పటికి నాకు పెళ్ళయింది, ఆళ్ళగడ్డ ఎలిమెంటరీ బడిలో టీచరు ఉద్యోగం వచ్చింది, మా ఆయన బనగానపల్లె రూటులో బస్సు కండక్టరు, ఇంట్లో మేమిద్దరం, మా అత్త. బోర్డు మీద రెండు లైన్లు రాస్తే కుర్చీ పట్టుకొని నిలబడాల్సి వచ్చేది. చివరకు డెబ్బైల ఆఖరులో మద్రాసుకు తీసుకుపోయారు, పెద్దాసుపత్రిలో ఛాతీ కోసి, పాడైపోయిన కవాటం తీసేసి దాని చోట యంత్రపు కవాటం పెట్టారు.

దాన్ని నాకు ముందే చేతిలో పెట్టి చూపించారు. చిన్న తీగల పంజరం, అందులో ఒక గుండు. రక్తం వచ్చేటప్పుడు గుండు పక్కకు జరిగి దారి ఇస్తుంది, తర్వాత వెనక్కి వచ్చి దారి మూసేస్తుంది. మూసినప్పుడల్లా టక్కుమంటుందని, అలవాటు పడిపోతావని డాక్టరు నవ్వుతూ చెప్పాడు. పాపం ఆయన మంచివాడే, ఆయన ఛాతీలో అది లేదు కదా!

సహోదరులారా, ఆ చప్పుడు ఎట్లాంటిదో మీకు చెప్పాలి, లేకపోతే నా చీకటి మీకు అర్థం కాదు. అది చెవితో వినేది కాదు, పళ్ళతో వినేది. నోరు మూసుకుంటే లోపల కొడుతుంది, నోరు తెరిస్తే బయటికి వస్తుంది. నేను పాఠం చెప్పడానికి నోరు తెరిస్తే మొదటి వరుస పిల్లలు పలకలు దించి గడియారం ఎక్కడుందా అని గోడలు వెతికేవాళ్ళు. ఖాళీ బిందె చంకన పెట్టుకుంటే బిందెలో మోగేది. ఎండాకాలం చల్లగా ఉంటుందని నాపరాళ్ళ మీద పడుకుంటే బండ కింది నుంచి ఎవరో కొడుతున్నట్టుండేది. ఎడమ పక్కకు తిరిగి పడుకోవడం మరిచేపోయాను. పైగా భయపడితే దాని పరుగు ఎక్కువ, కోపమొస్తే ఇంకా ఎక్కువ, హెడ్మాస్టరు ఏదైనా అంటే నేను తల వంచుకొని సరేనండీ అనేదాన్ని, అది మాత్రం ఆయనకు వినపడేలా దడదడమనేది. మనిషికి మనసులో కోపం దాచుకునే పాటి చోటు కూడా లేకుండా పోయింది. బతకడం ఇంత బిగ్గరగా ఉంటుందని నాకెవరూ చెప్పలేదు.

మా అత్త సంగతి చెప్పాలి. ఆమెకు అప్పటికే రెండు కళ్ళకూ పొర వచ్చేసింది, ఎదురుగా మనిషి ఉంటే నీడ మాదిరి కనపడేది, అంతే. నోరు మాత్రం చురుకు. మద్రాసు నుంచి వచ్చిన రోజు నేను గడపలో అడుగు పెట్టగానే చెవి అటు తిప్పి, “ఏందీ అమ్మీ, గడియారం మింగినావా?” అన్నది. నేను ఏడిస్తే దగ్గరికి తీసుకుంది. తర్వాత తర్వాత ఆ చప్పుడుతోనే నన్ను పట్టుకునేది, వంటింట్లో ఉన్నానా, పెరట్లో ఉన్నానా అని అడగకుండానే నా వైపు తిరిగి మాట్లాడేది. ఏమైంది అమ్మీ అని అడిగితే ఏం లేదత్తా అంటాను కదా, “నీ నోరు ఏం లేదంటాంది, ఆడ అది దబదబ కొట్టుకుంటాంది, ఎవర్ని నమ్మమంటావ్?” అనేది. అప్పుడు నాకు ఒళ్ళు మండేది.

ఆ తర్వాతి గుడ్ ఫ్రైడే నా జీవితంలో మరువలేను. మన ఆళ్ళగడ్డ గుడిలో ఆ రోజు సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటలూ ధ్యానిస్తాం కదా, ఒక్కో మాట తర్వాత కాసేపు మౌనంగా ఉంటాం. అంత ఎండలో గుడి నిండా జనం, ఫ్యాన్లు కూడా ఆపేసి, చంటిపిల్లల నోళ్ళు మూసి, అందరూ తలలు వంచుకున్నారు. ఆ మౌనంలో నేను ఒక్కదాన్నే టక్కు, టక్కు, టక్కు! మొదట పక్క చాప మీది ఆడవాళ్ళు చూశారు, తర్వాత మగవాళ్ళ వైపు నుంచి తలలు తిరిగాయి, ఎవరో పిల్ల కిసుక్కున నవ్వింది, ఆ నవ్వుకు నా గుండె ఇంకా వేగంగా కొట్టుకుంది, అది విని ఇంకొందరు తిరిగారు. అయ్యగారు దయగల మనిషి, నన్ను కాపాడాలని మౌనం ఆపేసి పాట ఎత్తుకున్నారు. ఆయన చేసిన మేలు నాకు చెంపదెబ్బ మాదిరి తగిలింది. ప్రభువు శ్రమను తలుచుకునే గడియను నా ఛాతీలోని ఇనుప ముక్క పాడు చేసిందనుకున్నాను.

నేను గుడికి పోవడం మానేశాను. బడికి పోయి వచ్చి, వంట చేసి, ఒక మూల కూర్చునేదాన్ని. మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి పలకరిస్తే మాట కూడా ఆడేదాన్ని కాదు, నోరు తెరిస్తే అది వినపడుతుందని. దాన్ని లెక్కపెట్టకుండా ఉండాలని చూసేదాన్ని, తెలియకుండానే లెక్కలోకి పోయేదాన్ని, ఒకసారి కాస్త ఆలస్యమైనట్టు అనిపిస్తే ఆగిపోతుందేమోనని ప్రాణం జల్లుమనేది, ఆగకపోతే ఇంకా ఎన్నాళ్ళు ఈ గోల అని ఏడుపొచ్చేది. ఆగినా భరించలేను, ఆగకపోయినా భరించలేను. ఆ దినాల్లో నేను చేసిన ప్రార్థన ఒక్కటే, దాన్ని దాచకుండా రాస్తున్నాను: “ప్రభువా, దీన్ని ఆపు. దీంతో పాటు నన్ను ఆపినా సరే.”

మన సంఘపు ఆడవాళ్ళు ఊరుకుంటారా! ఇంటికి వచ్చారు, నా చేతులు పట్టుకొని అడిగారు, నేను కడుపులోదంతా కక్కేశాను. విని వాళ్ళంతా నాతో కలిసి ఏడ్చారు. మరుసటి సంవత్సరం, గుడ్ ఫ్రైడేకు ముందు వచ్చే శ్రమదినాలు మొదలయ్యేటప్పుడు ఒక తీర్మానం చేసుకున్నారు, నలభై దినాల ఉపవాసంలో ఈసారి అందరి మనవీ ఒకటే, కరుణమ్మ ఛాతీలో చప్పుడు పోవాలి. వాళ్ళ ప్రేమను నేను ఇవాళ కూడా తప్పు పట్టను. నా కోసం పూట పస్తులున్న వాళ్ళు వాళ్ళు.

శ్రమదినాల్లో మనం మాంసం ముట్టం, పగలంతా ఉపవాసం ఉండి సాయంత్రం ఒక్క పూట తింటాం, ఆ పూటకు సంగటి, ఆకుకూర, అంతే కదా. నాకు ఆపరేషన్లో రక్తమంతా పోయిందని, ఆకుకూర తింటే రక్తం పడుతుందని, రోజుకో ఇంటి నుంచి గిన్నె వచ్చేది. మునగాకు పప్పు, పాలకూర, తోటకూర, దొర్నిపాడు నుంచి వచ్చే సహోదరి అయితే చేను గట్టు మీది చెంచలాకు కొంగులో మూట కట్టుకొని తెచ్చేది. నేను కడుపు నిండా తిన్నాను. మా అత్త దగ్గర కూర్చొని ఇంకొంచెం తినమని వేసేది. నా రక్తం పలచగా ఉండాలనే డాక్టర్లు మాత్ర ఇచ్చారు, ఆ ఆకు ఆ మాత్రకు అడ్డం పడుతుందని మాలో ఒక్కరికీ తెలియదు. మద్రాసులో చెప్పారో లేదో, చెప్పినా ఆ అరవంలో, ఇంగ్లీషులో నా తలకెక్కలేదో. రక్తం పరీక్షకు కర్నూలు పోవాలి, ఉపవాసాలు అయ్యాక పోదాంలే అని మానుకున్నాను.

గుడ్ ఫ్రైడే ముందరి మట్టల ఆదివారం ఇంకా రాకముందే చప్పుడు మారింది. ఎవరో దానికి గుడ్డ చుట్టినట్టు మెత్తబడింది. నేను ఎవరికీ చెప్పలేదు, చెబితే పోతుందేమోనని ఊపిరి బిగబట్టుకున్నాను. ఇంకా తగ్గింది. ఒక మధ్యాహ్నం ఎడమ పక్కకు తిరిగి పడుకున్నాను, ఏమీ వినపడలేదు. అబ్బ, ఆ నిశ్శబ్దం! ఎన్నాళ్ళ తర్వాత! దిండు తడిసేలా ఏడ్చి, లేచి పరుగున పోయి ఎదురింటి సహోదరికి చెప్పాను, నాలుగడుగులకే ఆయాసం వచ్చింది, పాదాలు కూడా కాస్త వాచాయి, ఉపవాసం కదా నీరసమనుకున్నాను. సాయంత్రానికి సంఘమంతా మా ఇంట్లోనే ఉంది.

గుడ్ ఫ్రైడే వచ్చింది. నేను మళ్ళీ గుడిలో కూర్చున్నాను. మొదటి మాట అయింది, మౌనం. ఆ మౌనంలో జనం నా వైపు చెవులు రిక్కించారు, చీమ చిటుక్కుమంటే వినపడేది. ఏమీ లేదు. ఎవరో ఆమెన్ అన్నారు, ఆ ఆమెన్ గుడంతా పాకింది. ఏడు మాటలూ అయ్యాక అయ్యగారు కళ్ళు తుడుచుకుంటూ, దేవుడు మన మనవి విన్నాడు, మన సహోదరి లేచి సాక్ష్యం ఇస్తుందని చెప్పారు. నేను లేచాను. లేస్తేనే కళ్ళు బైర్లు కమ్మాయి, స్తంభం పట్టుకున్నాను. ప్రభువు నా ఛాతీలోని చప్పుడు తీసేశాడు అని మాత్రం అన్నాను, ఇంకో మాటకు ఊపిరి అందలేదు. అది ఆనందమనుకొని అందరూ చప్పట్లు కొట్టారు.

అప్పుడు ఆడవాళ్ళ చాపల మధ్య నుంచి మా అత్త లేచింది. పక్కవాళ్ళ భుజాల మీద చేతులు వేసుకుంటూ తడుముకుంటూ ముందుకు వచ్చింది. గొంతు పెంచలేదు, ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడింది.

“అయ్యగారూ, నేను ఆమెన్ అనను. నా కోడలు ఇంట్లో యాడుండాదో నాకు తెలీడంల్యా. సప్పుడు పోయినప్పట్నుంచి పిల్ల ఊపిరి బరువుగా ఇడస్తాంది, రెండు మెట్లెక్కి నిలబడతాంది. ఇది తగ్గడం కాదు. నాకు ఆ సప్పుడు కావాల. ప్రభువు తీసుకోనింటే తిరిగి ఇయ్యమని అడగండి.”

ముసలామె అవిశ్వాసంతో మాట్లాడుతోందని, కూర్చోబెట్టమని ఎవరో గొణిగారు. నాకూ అదే కోపం, నా ఒక్క సంతోషాన్ని కూడా ఈమె ఉండనివ్వదా అనుకున్నాను. ఏదో అనబోయి దగ్గాను, దగ్గితే ఆగలేదు, చాప మీద కూలబడ్డాను. అయ్యగారు ఇక ఒక్క క్షణం ఆలోచించలేదు, ఆశీర్వాదం కూడా చెప్పకుండా కూటం ముగించి, ఎవరిదో జీపు పిలిపించి నన్నూ అత్తనూ ఎక్కించుకొని నంద్యాల డాక్టరు దగ్గరికి తీసుకుపోయారు.

ఆ డాక్టరు స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నాడు. చప్పుడు ఎన్నాళ్ళుగా లేదని అడిగాడు. చెప్పాం, దేవుడు తీసేశాడని కూడా చెప్పాం. ఆయన మమ్మల్ని ఎగతాళి చేయలేదు, నేల చూపులు చూస్తూ, అమ్మా, ఆ కవాటానికి రక్తం గడ్డకట్టుకుంది, గుండు కదలలేక ఇరుక్కుంటోంది, అందుకే చప్పుడు లేదు, పూర్తిగా ఇరుక్కునే లోపల మద్రాసు చేరండి అన్నాడు. అయ్యగారు అక్కడే గోడకు ఆనుకొని కూర్చుండిపోయారు. సహోదరులారా, ఆ గంటలో నేను చూసిన చీకటి ఇంక ఎప్పుడూ చూడలేదు. చావుకు భయపడి కాదు. నేను అడిగాను, ఊరంతా అడిగింది, దేవుడు ఇచ్చాడు, ఇచ్చింది నా చావు! ఇట్లాంటి దేవునికా నేను ఇన్నాళ్ళు మొక్కింది అనుకున్నాను. ఆ మాట అనుకున్నానని రాయకపోతే ఈ సాక్ష్యం అబద్ధమవుతుంది.

కారు మాట్లాడారు. కడప దారి ఆళ్ళగడ్డ మీదుగానే కదా, బస్టాండు దగ్గర మా ఆయన ఖాకీ బట్టల మీదనే ఎక్కాడు. నన్ను మా అత్త ఒళ్ళో పడుకోబెట్టారు. ఆమె అరచేయి నా ఛాతీ మీద పెట్టింది, ఇక దారి పొడుగునా తీయలేదు. ఆమెకు పెద్ద ప్రార్థనలు రావు, గుడిలో ఎప్పుడూ గొంతెత్తి ప్రార్థించి ఎరగదు. కారులో మాత్రం ఒకటే మాట, ఆపకుండా, అడుక్కున్నట్టు: “కొట్టుకోనీ నాయనా. దీన్ని కొట్టుకోనీ. నాకేమీ వద్దు, కొట్టుకోనీ.” నాకు మైకం కమ్ముతుంటే ఆ మాట దూరం పోయేది, తేరుకుంటే మళ్ళీ వినపడేది. కోడూరు దాటాక నా ఎడమ చేయి నాది కాకుండా పోయింది, గడ్డలోంచి చిన్న ముక్క తెగి మెదడుకు పోయిందని తర్వాత చెప్పారు.

మద్రాసులో మళ్ళీ కోసే స్థితిలో నేను లేను. గడ్డను కరిగించే మందు నరంలోకి ఎక్కించి చూస్తాం, కరిగితే కరుగుతుంది, లేకపోతే మా చేతిలో లేదన్నారు. మా వాళ్ళను బయటికి పంపేశారు. ఈస్టరు ఎప్పుడు వచ్చిందో ఎప్పుడు పోయిందో నాకు తెలియదు. ఒక పగటిపూట కళ్ళు తెరిచి చూస్తే నర్సు ఏదో సర్దుతోంది, పళ్ళలో ఏదో తగిలింది. టక్కు. కాసేపు ఏమీ లేదు. మళ్ళీ టక్కు. తర్వాత వరసగా! నేను సంతోషించానని మీరనుకుంటారు. లేదు. గోడ వైపు తిరిగి ఏడ్చాను, మళ్ళీ మొదలైందిరా దేవుడా అని. ప్రాణం నిలిచింది, మనసు అట్లాగే చచ్చి ఉంది.

ఇంటికి వచ్చాక ఇంకా ఘోరం. ఎడమ చేతి వేళ్ళు మూసుకోవు, జడ వేసుకోలేను, బిందె ఎత్తలేను. సంఘంలో కొందరు అత్త అవిశ్వాసం వల్లనే అద్భుతం వెనక్కి పోయిందన్నారు, మా ఇంటికి రావడం మానుకున్నారు. నేను బైబిలు తెరవలేదు, ఎవరైనా ప్రార్థన చేద్దామంటే, చేసినంత చాలు అన్నాను. నెలలకు నెలలు అట్లా గడిచాయి.

ఒక మధ్యాహ్నం నన్ను నులక మంచం మీద కూర్చోబెట్టి అత్త నా జడ వేస్తోంది. కళ్ళు కనపడని ఆమె, చేయి ఆడని నేను, పాయ పాయకూ వెతుక్కుంటూ వేస్తోంది. అంతమందిలో నువ్వెట్లా లేచావత్తా, దేవునికి ఎదురు చెబుతున్నానని భయం కాలేదా అని అడిగాను. ఆమె జడ ఆపలేదు.

“నాకేం తెలుసు అమ్మీ. సప్పుడు ఉండల్లనో పోవల్లనో నాకేం తెలుసు. నువ్వు బతికుండాల అని అడిగినా. అంతే అడిగినా. నువ్వెప్పుడన్నా అడిగినావా అది?”

సహోదరీలారా, నేను చేసిన ప్రార్థనలన్నీ ఒక్కొక్కటే తలుచుకున్నాను. నొప్పి పోవాలని అడిగాను, సిగ్గు పోవాలని అడిగాను, చప్పుడు పోవాలని అడిగాను, చంపెయ్యమని కూడా అడిగాను, బతకాలని మాత్రం ఆపరేషనుకు ముందు గానీ తర్వాత గానీ ఒక్కసారి కూడా అడగలేదు. సంఘం నలభై దినాలు నా తరఫున అడిగింది నేను నేర్పిన మనవే. దేవుడు మా అందరి ప్రార్థనలనూ పక్కన పెట్టి, వెనక చాప మీద కూర్చున్న ఈ ఒక్క ముసలామె ప్రార్థన విన్నాడు. నన్ను చంపబోయింది ఆయన కాదు, ఆకుకూర. నన్ను చావకుండా ఆపింది ఆయన, ఆమె నోటితో. నా జడ ఆమె చేతిలో ఉండగానే, తల వంచుకొని మొదటిసారి అడిగాను: “ప్రభువా, నన్ను బతకనివ్వు. ఈ చప్పుడుతోనే బతకనివ్వు.” ఆ మాట నోటి నుంచి రావడానికి ఎంతసేపు పట్టిందో, వచ్చాక ఎంత ఏడ్చానో ఆమెకే తెలుసు. నాకు విడుదల వచ్చింది ఆ నులక మంచం మీద. గుండె జబ్బు నుంచి కాదు, చచ్చిపోవాలనే కోరిక నుంచి.

ఆమె రెండేళ్ళ కింద ప్రభువు దగ్గరికి పోయింది. ఇల్లు బావురుమంటోంది. నేను మాత్ర మానలేదు, కర్నూలు పోయి పరీక్ష చేయించుకుంటూనే ఉన్నాను, ఆకుకూర గిన్నె వస్తే దండం పెట్టి వెనక్కి పంపుతాను. చేయి తిరిగి రాలేదు. చప్పుడు ఇప్పుడు కూడా కొడుతోంది, అది నాకు ఇష్టమైందని చెప్పను, కొన్ని రోజులు ఇప్పటికీ విసుగే, కొన్ని రోజులు భయమే. గుడిలో మౌనంగా ఉన్నప్పుడు తలలు ఇప్పటికీ తిరుగుతాయి. తిరగనివ్వండి.

సహోదరులారా, మీ ఇంట్లో రోగి ఉంటే ప్రార్థించండి, మందు కూడా వేయించండి, డాక్టరు ఏమి తినమన్నాడో ఏమి తినొద్దన్నాడో రెండుసార్లు అడగండి. అద్భుతం జరిగిందనిపిస్తే ముందు ఆసుపత్రికి పోయి, తర్వాత సాక్ష్యానికి లేవండి, దేవుడు ఏమీ అనుకోడు. ఇది చదివే వాళ్ళలో నా మాదిరి ఇక చాలనుకున్న మనిషి ఎవరైనా ఉంటే ఈ ఒక్క మాట మీకే. ధైర్యం తెచ్చుకున్నాక ఆయన దగ్గరికి రావాలని అనుకోకండి, ధైర్యం నాకూ రాలేదు. విశ్వాసం కుదిరాక అడుగుదామని ఆగకండి, ఆ మంచం మీద నాకు విశ్వాసం లేదు, బతకాలన్న ఆశ కూడా సరిగ్గా లేదు. లేకపోయినా అడగండి. బతకనివ్వమని అడగండి. అడగడానికి నోరు రాకపోతే మీ పక్కనున్న వాళ్ళను మీ కోసం అడగమనండి, నా కోసం ఒకరు అడిగారు కాబట్టే ఇవాళ ఇది రాస్తున్నాను. నా ప్రాణాన్ని నాకంటే ఎక్కువగా కోరుకున్న దేవునికే మహిమ, ఆమెన్.